బిందు నెత్తి మీద ఒట్టు

మా వదిన బాలనర్సమ్మ తన బతుకులో ఒక్క పని మాత్రం పూర్తిగా తన ఇష్టప్రకారం చేసింది. రెండువేల నాలుగు అసెంబ్లీ ఎన్నికల్లో ఓటు వేసింది. అంతకుముందు వేయలేదని కాదు. మా అన్న పరమేష్ చెప్పిన గుర్తుకు వేసేది. మా అన్నకు ఆ గుర్తు గండయ్య చెప్పేవాడు.

గండయ్య మా వాడకట్టు పెద్దమనిషి. శామీర్‌పేట దాటాక లోపలికి ఉంటుంది మా ఊరు. అక్కడ పెళ్లయినా, చావయినా, మొగుడూ పెళ్లాల కొట్లాటయినా ఆయనకు ఒక కుర్చీ వేయాల్సిందే. ఎన్నికలొస్తే మా వాడ ఓట్లన్నీ గంపగుత్తగా ఏదో ఒక పార్టీకి అప్పజెప్పేవాడు. ఆయనకున్న బెంగ ఒకటే. లోపలికి పోయాక ఎవరు దేనికి వేస్తారో ఆయనకు కనబడదు. అందుకని ప్రతిసారీ పోచమ్మ మీద ఒట్టు పెట్టించేవాడు. జనం పోచమ్మకు కూడా భయపడటం మానేశారని అనుమానం వచ్చి, ఆ ఏడు కన్నపిల్లల మీద పెట్టించాడు.

పోలింగుకు కొద్ది రోజుల ముందు ఆడవాళ్లనందరినీ పిల్లలతో సహా గుడి ముందర కూర్చోబెట్టాడు. పళ్లెంలో పసుపు బియ్యం, పక్కన దీపం. ఒక్కొక్కరు బిడ్డ నెత్తి మీద చెయ్యి పెట్టి ఫలానా గుర్తుకే వేస్తానని చెప్పాలి. నాలుగు గింజలు ఆ నెత్తిన చల్లాలి. పిల్లలకు తలా ఒక బిస్కెట్ ప్యాకెట్. నేను ఆ పూట తుర్కపల్లిలో డ్యూటీలో ఉన్నాను, అక్కడొక మందుల కంపెనీలో ప్యాకింగు పని నాది. ఊళ్లో ఉంటే ఆ పళ్లెం ఎత్తి అవతల పారేసేదాన్ని. రోజారాణికి నోరెక్కువని వాడంతా అంటారు, అననీ.

మా అన్న బిడ్డ బిందుకు అప్పుడు ఆరేళ్లు. దానికి అదంతా పండుగ. తల్లి ఒట్టు పెట్టడం అయిపోయాక పక్కింటి సాలమ్మ దిక్కులు చూస్తూ కూర్చుందట. ఆమెకు పిల్లలు లేరు. ఇది పరుగెత్తుకుపోయి ఆమె ముందు తల వంచిందట. "నా నెత్తి మీద వెట్టుకో పెద్దమ్మా, ఏం గాదు" అందట. సాలమ్మ ఇప్పటికీ ఆ మాట చెప్పి ఏడుస్తుంది.

పోలింగు రోజు మా అన్న ఊళ్లో లేడు. లారీ మీద నాగపూర్ పోయి వారం అయింది. వదిన ఒక్కతే పోయి ఓటు వేసి వచ్చింది. అప్పటిదాకా కాగితం మీద ముద్ర గుద్దడమే మాకు తెలుసు, ఆ ఏడు మిషన్ వచ్చింది. ఇంట్లోకి వస్తూనే తలుపు దగ్గరికి వేసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఒకటే నవ్వు.

"ఏమైంది వదినా?"

"అట్ట అడ్డం వెట్టిన్రు రోజా. లోపట నేనొక్కదాన్నే. గండయ్య చెప్పిన గుర్తు మీదికే వేలు పోయింది. గంతల మన వాడ బోరింగు యాదికొచ్చింది. ఎన్నిసార్లు ఏస్తమన్నరు, ఏసిన్రా? ఇంకో పార్టీది ఒత్తిన. గది పీఁ అని మొత్తుకున్నది."

"మంచి పని జేసినవ్" అన్నాను. నాకు నిజంగా సంతోషమయింది. పెళ్లయి వచ్చిన నాటినుంచి ఆమె అట్లా నవ్వడం నేను చూడలేదు. బిందు కూడా ఎందుకో తెలియకుండానే తల్లితో పాటు నవ్వింది.

ఆ నవ్వు వారం కూడా నిలవలేదు. బిందుకు జ్వరం పట్టుకుంది. ఊళ్లో డాక్టరు గోళీలిచ్చాడు. తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చింది. పిల్ల మెడ నొప్పి అంటూ అన్నం ముట్టడం మానేసింది. పట్నం దవాఖానకు పోదామని నేనంటే వదిన నా చెయ్యి పట్టుకుని మూలకు తీసుకుపోయింది.

"ఒట్టు దప్పిన రోజా. బిడ్డ నెత్తి మీద చెయ్యి వెట్టి దప్పిన. మందులు యాడ పడ్తయి?"

"ఒట్టూ లేదు, ఏం లేదు. పిల్లను లేపు."

"నీకు పిల్లలైతే తెలుస్తది" అంది. మెత్తగానే అంది, కాని ఆ మాట తగిలి, పిల్లను లేపకుండా దుప్పటి మాత్రం సర్దాను.

మర్నాడు నేను డ్యూటీకి పోగానే పిల్లను సాలమ్మ దగ్గర పడుకోబెట్టి మండలాఫీసుకు పోయింది. తన ఓటు వాపసిస్తే అనుకున్న గుర్తుకే మళ్లీ వేస్తానని అడిగింది. వినేవాళ్లకు నవ్వులాట. అక్కడ కోస్తా వైపు నుంచి వచ్చిన గుమస్తా ఒకాయన మాత్రం నవ్వకుండా, కుర్చీలో కూర్చోబెట్టి నచ్చజెప్పాడట. "మిషన్లకు సీలు వేసి లోపల పెట్టేశారమ్మా. లెక్కపెట్టేదాకా ఎవరూ తెరవరు. తెరిచినా ఏ ఓటు ఎవరిదో ఆ బ్రహ్మకు కూడా తెలీదు. నీకేం భయం లేదు." పాపం, ధైర్యం చెబుతున్నాననే అనుకున్నాడు. తన తప్పు ఎక్కడో సీలు పడిపోయిందనీ, ఇక దాన్ని వెతికి తీసేవాళ్లు లేరనీ మా వదినకు అర్థమయింది.

మిగిలింది గండయ్య ఒక్కడే. మా దగ్గర ఒక పద్ధతి ఉంది. ఒట్టు పెట్టించుకున్న మనిషే దాన్ని తీయాలి. మళ్లీ పసుపు బియ్యం చల్లి "ఒట్టు తీసిన" అనాలి; ఆ నెత్తి మీదే చల్లితే ఇంకా మంచిదంటారు. ఆ గండయ్యేమో పోలింగు కాగానే లీడర్లతో కలిసి యాత్రలకు పోయాడు. ఇవాళ వస్తాడు, రేపు వస్తాడు అంటుంది ఆయన పెళ్లాం. వదిన పిల్లను ఒళ్లో పెట్టుకుని వాళ్ల అరుగు మీద కూర్చుంది. ఏం పని మీద వచ్చావంటే చెప్పలేదు. వాడలో ఎవరడిగినా చెప్పలేదు. ఒట్టు తప్పానని ఏ తల్లి నోరు తెరిచి చెప్పుకుంటుంది? "ఒట్టు తీసినంక జల్దిన పోదాం రోజా, ఇయ్యాల తప్పకుండ వస్తడట" అని నాకు మాత్రం చెప్పేది.

రెండో రోజు డ్యూటీ దిగి అటే పోయాను. బిందు కళ్లు తేలేసి ఉంది. పిలిస్తే పలకలేదు. వదినను నేను ఏమేం తిట్టానో నాకే తెలియదు. పిల్లను గుంజుకుని రోడ్డు మీదికి ఉరికాను. నన్ను దింపిపోయిన కంపెనీ బండి ఇంకా మలుపులోనే ఉంది. డ్రైవరు ఒక్క మాట అడగకుండా బండి పట్నం వైపు తిప్పాడు.

దవాఖానలో చిన్న వయసు డాక్టరమ్మ, మెదడుకు సోకిన జ్వరం అంది. "మొన్ననే తెచ్చి ఉంటే..." అని, వదిన మొహం చూసి ఆపేసింది. మర్నాడు మధ్యాహ్నం మా బిందు పోయింది. వాపసు లోడు కోసం నాగపూర్‌లో ఆగిపోయిన మా అన్న వచ్చేసరికి మట్టి కూడా అయిపోయింది.

రాష్ట్రంలో సగం జిల్లాలకు ఒకనాడు, సగం జిల్లాలకు ఇంకోనాడు పోలింగు పెట్టారు కాబట్టి లెక్కింపు ఆలస్యంగా జరిగింది. ఆ రోజు పొద్దుటి నుంచే పటాకులు. అవతలి పార్టీ గెలిచింది. అంటే మా వదిన వేసిన పార్టీ. ఊరేగింపు మా వాడలోకి వచ్చింది. ట్రాక్టరు మీద, మెడలో దండతో, ఒళ్లంతా గులాలుతో ముందు నిలబడి ఉన్నది గండయ్య.

నాకు ముందు అర్థం కాలేదు. ట్రాక్టరుకు అడ్డం పోయి నిలబడ్డాను.

"గీ పార్టీల నీకేం పని? మొన్న ఆ గుర్తుకని ఒట్లు వెట్టిపిచ్చినవ్ గద!"

గండయ్య దిగి వచ్చాడు. "బిడ్డ సంగతి ఇన్న రోజా, మస్తు బాధైంది" అన్నాడు. "గా ఒట్లదేముంది? వాళ్లతోని నాకు కుదరలే. పోలింగు ముందటి దినమే కల్లు కాంపౌండుల మొగోళ్లందరి ముంగట బియ్యం చల్లి ఒట్టు తీసిన. గీళ్లకే ఎయ్యమన్న. ఇండ్లల్ల చెప్పున్రి అన్న. అందరు చెప్పిన్రు గద?"

అందరూ చెప్పారు. అందరి పెళ్లాలూ ఈ పార్టీకే వేశారు. మగవాడు ఊళ్లో లేని ఇల్లు మాదొక్కటే. అక్కడ పొయ్యి ముందర కూర్చున్న ఆడమనిషికి ఈ ముక్క చెప్పాలని ఒక్కడికీ తోచలేదు. మా వదిన ఏ ఒట్టూ తప్పలేదు. ఒక్క మాట సాలమ్మను అడిగి ఉంటే ఆమె చెప్పేది. ఆ అరుగు మీద కూర్చున్నంతసేపూ లేని ఒట్టు కోసం కూర్చుంది. ఆయన మెడలో దండ పట్టుకుని గుంజాను. అది తెగి పూలన్నీ రోడ్డు మీద పడ్డాయి. నన్నెవరూ ఆపలేదు. కాసేపటికి ట్రాక్టరు నా పక్కనుంచి పోయింది.

ఇంటికి వచ్చేసరికి వదిన గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పటాకుల చప్పుడు విన్నది.

"గండయ్య వచ్చిండా?"

"వచ్చిండు."

"నన్ను దీస్కపో రోజా. కాళ్లు మొక్కుత. పోయినోళ్ల మీద గూడ ఒట్టు ఉంటదట. అది గింతంత పిల్ల, యాడ మోస్తది?"

లేవబోయింది. భుజాలు పట్టుకుని కూర్చోబెట్టాను.

"తీసిండు వదినా. ఒట్టు తీసేసిండు."

"నిజమా? ఎప్పుడు తీసిండు?"

కళ్లు రెండూ నా మొహం మీద పెట్టి చూస్తోంది. కోపమొస్తే ఎవరినైనా కడిగేసే నా నోటికి ఆ ఒక్క నిజం పలకడానికి ధైర్యం చాలలేదు.

"ఇప్పుడే" అన్నాను.

ఆమె తల ఊపింది. కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆ తర్వాత రెండు చేతులతో నన్ను పట్టుకుని, చంటిపిల్లలా గుక్కపట్టి ఏడ్చింది.

"జర ముందుగాల వచ్చి తీస్తే ఏం బోతుండె రోజా, నా బిడ్డ బతుకుతుండె గద!"