పిక్నిక్ బస్సు

పెద్దకోడలికి అనుమానం పుట్టుకతోనే అబ్బింది. పాలు పల్చగా ఉంటే ఎన్ని నీళ్ళు కలిపారోనని అనుమానం, చిక్కగా ఉంటే ఏం కలిపారోనని అనుమానం. పనిచేసే చోట ఆమెను డిటెక్టివ్ అక్క అంటారు. ఎదురుగా కాదులెండి, అంత ధైర్యం ఎవరికుంది!

ఆమె పని కొత్త ప్యాంట్లను పాతవి చేయడం. నవ్వకండి, దానికో పెద్ద ఫ్యాక్టరీయే ఉంది. కుట్టుపని పూర్తయిన నీలం జీన్స్‌ను గాలి నింపిన రబ్బరు కాళ్ళకు తొడిగి, తొడల మీదా మోకాళ్ళ మీదా గరుకు కాగితంతో నీలం దుమ్ము లేచేలా, చిరుగు పట్టేదాకా రుద్దాలి. ఎవరో ఏళ్ళ తరబడి వాడి పారేసినట్టు కనబడాలి. అలా కనబడితేనే సముద్రాల అవతల ఎగబడి కొంటారట. ఒకప్పుడు ఇంట్లో కుట్టుమిషన్ పెట్టుకుని వీధి మొత్తానికి బట్టలు కుట్టిన మనిషి ఆమె. ఓడల మీద రెడీమేడ్ బట్టలు వచ్చి దిగాక మిషన్ మూలపడింది, ఆమె ఇక్కడ తేలింది. చిరుగులు కుట్టిన చేతులతోనే ఇప్పుడు చిరుగులు పెడుతున్నానని నవ్వుతూ చెబుతుంది గానీ, లోపల కడుపు మండుతూనే ఉంటుంది.

తోడికోడలైన చిన్నకోడలిదీ అదే ఫ్యాక్టరీ. స్ప్రే గదిలో ప్యాంట్ల మీద ఊదారంగు మందు చల్లి రంగు వెలిసేలా చేస్తుంది. ఆ మందు కడిగిన నీళ్ళన్నీ వెనక కాలువలోకే పోతాయి. కాలువలో చేపలు ఎప్పుడో పోయాయి, వాసన మాత్రం మిగిలింది. తోడికోడళ్ళిద్దరి కాపురాలూ ఒకే ఇంట్లో, మధ్యలో ఒక్క గోడ. మొన్నమొన్నటిదాకా ఒకే ప్రాణంగా ఉన్నవాళ్ళు ఇప్పుడు ఎదురుపడితే మొహాలు తిప్పుకుంటున్నారు. దానికి కారణం పిక్నిక్.

సరుకు కొనే విదేశీ కంపెనీవాళ్ళు అప్పుడప్పుడు తనిఖీకి మనిషిని పంపుతారు. పనివాళ్ళ ఆరోగ్యం ఎలా ఉంది, హక్కులు అందుతున్నాయా అని ఆ మనిషి చూసి వెళుతుంది. సరిగ్గా ఆ రోజే ఫ్యాక్టరీవాళ్ళు కొంతమందిని బస్సెక్కించి చెరువుగట్టు పార్కుకు పంపుతారు. జీతం కోత లేదు, పైగా భోజనం. చిన్నకోడలు ప్రతిసారీ ఆ బస్సులోనే ఉంటుంది. పెద్దకోడలికి మాత్రం ఒక్కసారీ పిలుపు రాలేదు.

దీని వెనక ఏదో మతలబు ఉంది. చిన్నకోడలు ఇక్కడి మాటలు సూపర్‌వైజర్ చెవిన వేస్తూ ఉండాలి, లేకపోతే నోట్లో నాలుక లేని ఆ మనిషికి ఇంత మర్యాద ఎందుకు? పెద్దకోడలు ఉండబట్టలేక ఒకరోజు అడిగేసింది.

"నన్నడక్కు అక్కా," అంది చిన్నకోడలు తలెత్తకుండా. "ఆ బస్సెక్కాలని మాత్రం కోరుకోకు."

"అనుభవించేవాళ్ళు అలాగే అంటార్లే!" అని పెద్దకోడలు విసురుగా లోపలికి వెళ్ళిపోయింది. అంతటితో మాటలు బంద్. ఆ తర్వాత గోడ అవతల పొయ్యి వెలిగితే చాలు, ఈమెకు దగ్గు వచ్చేది. తనమీద కసితోనే మిరపకాయలు మాడుస్తోందని ఈమె అనుమానం. అర్ధరాత్రి దగ్గు వస్తే దానికేం కారణమో మాత్రం ఆలోచించలేదు.

ఇన్ని అనుమానాల మనిషి నమ్మేది ఒక్కరినే, తనిఖీకి వచ్చే ఆ విదేశీ ఆవిడను. ఆవిడ వచ్చి అడిగాకే మరుగుదొడ్లకు గడియలు, చేతులకు సబ్బులు వచ్చాయి. "అంత దూరం నుంచి వచ్చే మనిషి. మనతో చుట్టరికం లేదు, పేచీ లేదు. ఆవిడకు అబద్ధంతో ఏం పని?" అనేది.

మళ్ళీ తనిఖీ అని తెలియగానే పెద్దకోడలు సూపర్‌వైజర్ మీదికి ఒంటికాలిపై లేచింది.

"మేం కంటికి ఆనడం లేదా సార్? ఎప్పుడూ ఆ నలుగురేనా? ఏ లెక్కన పంపుతున్నారో ఇవాళ తేలాలి..." అంటూ ఉండగానే దగ్గు తెర ముంచుకొచ్చింది. ఒళ్ళు వంగిపోయేలా దగ్గింది. తేరుకుని, అతని సెంటు వాసన వల్లేనని అతని వంక ఉరిమి చూసింది.

సూపర్‌వైజర్ ఆమెను కాసేపు అదోలా చూశాడు. "కోపం ఎందుకక్కా? ఈసారి నువ్వూ వెళ్ళు," అన్నాడు నెమ్మదిగా.

బెదిరిపోయాడని ఆమె పొంగిపోయింది.

ఆ ఉదయం మంచి చీర కట్టుకుని బస్సెక్కింది. చిన్నకోడలు ఆమెను చూడగానే కళ్ళనీళ్ళు పెట్టుకుని, పక్కకు జరిగి చోటిచ్చింది. బస్సు గేటు దగ్గరికి వచ్చేసరికి ఎదురుగా తనిఖీ కారు. చెప్పిన వేళకంటే ముందే వచ్చేసింది. దారి ఇరుకు కావడంతో డ్రైవర్ బస్సును ఓ పక్కకు తీసి ఇంజన్ ఆపాడు.

ఇంజన్ మోత ఆగగానే బస్సంతా దగ్గులే. ముందు సీట్లో, వెనక సీట్లో, పక్కన చిన్నకోడలు, చివరికి తను కూడా. పెద్దకోడలు చిన్నకోడలి వైపు తిరిగింది.

"ఇదా లెక్క?" అంది.

"దగ్గేవాళ్ళు ఆవిడ కంట పడకూడదు, అంతే. నీ దగ్గు రోజూ గోడ అవతల నుంచి వింటూనే ఉన్నానక్కా. నీకు చెబితే గొడవ చేస్తావు, నీకూ దగ్గుందని వీళ్ళకు తెలిస్తే రేపు పనిలోంచి తీసేస్తారని నోరు మెదపలేదు."

ఇన్నాళ్ళూ ఎవరిని అనుమానించిందో తలచుకుంటే పెద్దకోడలికి సిగ్గేసింది. ఆ వెంటనే ఒళ్ళు మండింది. కిటికీ అద్దం పక్కకు తోసింది. కారులోని ఆవిడ అద్దం దించి, పిక్నిక్ వాళ్ళను చూసి నవ్వుతూ చెయ్యి ఊపుతోంది.

"అమ్మా! మమ్మల్ని చూడండి! మేం..." మిగతా మాటను దగ్గు మింగేసింది. కిటికీ కమ్మీ పట్టుకుని ఊపిరాడక దగ్గుతూనే ఉంది.

ఆవిడ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఆవిడ చూపు కిటికీ తర్వాత కిటికీ మీదుగా, నోటికి కొంగులు అడ్డం పెట్టుకున్న మొహాల మీదుగా నడిచి, తిరిగి పెద్దకోడలి దగ్గరికి వచ్చింది. తర్వాత ఆవిడ ఒళ్ళోని కాగితాల వైపు తల దించుకుంది. కారు అద్దం మెల్లగా పైకి లేచింది. కారు ఫ్యాక్టరీలోకి వెళ్ళిపోయింది.

చిన్నకోడలు ఆమె వీపు నిమిరింది. "ఆవిడకు వినపడలేదేమో అక్కా."

"వినపడింది," అంది పెద్దకోడలు. జీవితంలో మొదటిసారి ఆమెకు ఏ అనుమానమూ కలగలేదు.