బంగ్ల మీద

ఆ ఆదివారం పొద్దున పద్మావతి నాలుగోసారి చేతిసంచీ తెరిచి చూసుకుంది. కాగితం ముక్క ఉంది. పాత క్యాలెండరు చింపి, వెనకాల పెన్సిలుతో తన గుండ్రటి అక్షరాలతోనే రాసుకుంది: ఆదివారం. యూనివర్సిటీలో బొమ్మల ప్రదర్శన. పాత రాతి మేడ. కమలమ్మ, లావణ్య.

ఇలాంటి చీటీలు రాసుకోవడం మొదలుపెట్టి ఐదు నెలలైంది. ఈ సంగతి భర్త సుందరరావుకి తెలియదు. తెలియనివ్వకుండా ఉండటానికి ఆవిడ పడే పాట్లు చూస్తే దొంగలు కూడా ఆవిడ దగ్గర పాఠాలు నేర్చుకోవచ్చు. పాలు పొంగి గిన్నె మాడితే కిటికీలన్నీ తెరిచి సాంబ్రాణి వేసింది. బీరువా తాళాలు బియ్యం డబ్బాలో దొరికితే, కావాలనే దాచానంది.

పనిమనిషి ప్రవళిక తడిబట్టల బకెట్టు ఎత్తుకుంటూ, బంగ్ల మీద ఆరేసి అటే పోతానని చెప్పింది. పద్మావతి క్లిప్పుల డబ్బా అందించి, సాయంత్రంలోపే వాన పడేలా ఉంది అంది. మబ్బు చూసి వాన పసిగట్టగలిగినందుకు లోపల్లోపల పొంగిపోయింది. ఈమధ్య అలాంటి చిన్నచిన్న వాటికి తనకి తనే మార్కులు వేసుకుంటోంది.

తార్నాకలో ఆ వీధికి ఆవిడ కాపురానికి వచ్చి ముప్పై ఏళ్లు దాటింది. రెండిళ్ల అవతల కమలమ్మ ఉంటుంది. ప్రొద్దుటూరు మనిషి. భర్త యూనివర్సిటీ ఉద్యోగం వల్ల ఈ ఊరొచ్చి, ఆయన పోయాక కొడుకూ కోడలి దగ్గర ఉంటోంది. వరసేమీ లేకపోయినా, వయసులో నాలుగేళ్లు పెద్దదని పద్మావతి ఆవిణ్ణి వదినా అంటుంది. కోడలు లావణ్య యూనివర్సిటీలో పాఠాలు చెబుతుంది, కారు నడుపుతుంది. నెలకో ఆదివారం అత్తగారినీ పద్మావతినీ ఎక్కించుకుని ఏదో ఒకటి చూపించుకొస్తుంది. సాలార్‌జంగ్ మ్యూజియం, పబ్లిక్ గార్డెన్స్, శిల్పారామం, ఎవరిదో వీణ కచేరీ. ఆరేళ్లుగా ఒక్క నెల తప్పలేదు.

తెనాలిలో పుట్టి, పెళ్లయ్యాక వంటింట్లోనే మెలిగిన మనిషికి ఆ ఆదివారాలు ఎంత విలువైనవో కమలమ్మకి కూడా పూర్తిగా తెలియదు. బొమ్మలంటే తనకింత ఇష్టమని పద్మావతికి అరవై ఏళ్లు వచ్చేదాకా తెలియనే లేదు. మ్యూజియంలో ఒక పాత శాలువా ముందు అరగంట నిలబడి అంచు కుట్టు చూస్తుంది. కమలమ్మకి కాళ్లు లాగి, ఏం తల్లీ, కట్టుకుని పోతావా అని దెప్పుతుంది. ఇంటికొచ్చాక వారం రోజులు వంట చేస్తూ కూడా ఆ అంచే కళ్లముందు ఆడుతుంది.

అదే మ్యూజియంలో, మూడు నెలల కిందట, గంటలు కొట్టే గడియారం ముందు జనంతో పాటు నిలబడింది. గంట మోగింది. జనం చప్పట్లు కొట్టారు. ఎందుకు కొడుతున్నారో పద్మావతికి అర్థం కాలేదు. ఇది ఏ ఊరో, తనెవరితో వచ్చిందో ఒక్క క్షణం ఏమీ తెలియలేదు. పక్కనున్న కమలమ్మ చెయ్యి పట్టుకుని లాగాక అన్నీ తిరిగొచ్చాయి. ఆ రాత్రి పద్మావతికి కంటి మీద కునుకు లేదు.

ఎందుకంటే ఇది ఎలా మొదలై ఎక్కడ ముగుస్తుందో ఆవిడ చూసింది. సొంత అక్కకి ఇదే జబ్బు. ఒకసారి తప్పిపోయి బస్టాండులో దొరికాక ఇంట్లోవాళ్లు ఆవిణ్ణి బయటికి తీసుకెళ్లడం మానేశారు. తర్వాత గది తలుపుకి బయటవైపు గడియ బిగించారు. చెడ్డవాళ్లు కారు, బాగానే చూసుకున్నారు, వేళకి అన్నం పెట్టారు. అక్క మాత్రం లోపల్నుంచి తలుపు తడుతూనే ఉండేది. పద్మావతికి చావంటే అంత భయం లేదు. ఆ గడియంటే భయం. తన సంగతి బయటపడితే ముందు పోయేవి ఆదివారాలు, ఆ వెనకే గడియ వస్తుంది. అందుకే చీటీలు.

కారు యూనివర్సిటీ తార్నాక గేటు దాటి లోపలికి వచ్చాక లావణ్య దారి పొడుగునా చెబుతూ వచ్చింది. చెట్ల వెనక పెంకులు ఊడిన ఇళ్లు చూపించి, అవి పాత ప్రొఫెసర్ల బంగ్లాలు, ఇప్పుడెవరూ ఉండటం లేదంది. పద్మావతి బుద్ధిగా తలూపి గుర్తుపెట్టుకుంది. మరో మార్కు వేసుకుంది.

ప్రదర్శన పాత రాతి మేడలో. విద్యార్థులు వేసిన బొమ్మలు. కింద పెద్ద హాలు నిండా తగిలించారు. మూడో గోడ మీద పద్మావతికి ఒక బొమ్మ కనపడింది. పొయ్యి, పొయ్యి మీద పాలగిన్నె, అంచు దాకా లేచి ఇంకా ఒలకని పాలు. బొమ్మలో ఎక్కడా మనిషి లేదు. ముందు నవ్వొచ్చింది. చెయ్యి చాచి పొయ్యి కట్టేయాలనిపించింది. తర్వాత ఒళ్లు జలదరించింది. ఈ పాలు పెట్టిన మనిషేదీ? పక్కగదిలో నిలబడి, ఇక్కడికెందుకు వచ్చానా అని ఆలోచిస్తోందా?

ఎంతసేపు నిలబడిందో తెలియదు. వెనక్కి తిరిగేసరికి కమలమ్మ లేదు, లావణ్య లేదు. హాల్లో అందరూ కొత్తమొహాలు. గబగబా గుమ్మం మెట్లు దిగి బయటికొచ్చింది. ముఖద్వారం దగ్గర స్టూలు మీద వాచ్‌మన్ చంద్రయ్య కూర్చుని ఉన్నాడు. ఇందాక లోపలికి వెళ్లేటప్పుడు లావణ్య పలకరించిన మనిషే. నాతో వచ్చినవాళ్లు ఎటు వెళ్లారు బాబూ అని అడిగింది.

"లావణ్య మేడమోళ్లా? బంగ్ల మీదున్నరు పెద్దమ్మా," అన్నాడు. అంతలో ఎవరో కారు పెట్టడానికి చోటడిగితే లేచి అటు పోయాడు.

బంగ్లా. పద్మావతి గుండె కాస్త కుదుటపడింది. బంగ్లాలు ఎక్కడున్నాయో తనకి తెలుసు, ఇందాకే గుర్తుపెట్టుకుంది కదా. రోడ్డు పట్టుకుని నడిచింది.

మొదటి బంగ్లాకి తాళం ఉంది. రెండోదానికి తలుపులే లేవు, లోపల ఎండుటాకులు. వదినా అని పిలిచింది. లోపల్నుంచి కుక్క ఒకటి లేచి చూసింది. మూడో బంగ్లా కోసం మలుపు తిరిగింది, ఇంకో మలుపు తిరిగింది. ఇప్పుడు అటూ ఇటూ ఒకేలాంటి చెట్లు, ఒకేలాంటి రోడ్డు. మబ్బు కమ్ముకుని మధ్యాహ్నం కాకముందే చీకటిగా అయింది. ఏ వైపు నుంచి వచ్చిందో తెలియలేదు.

సంచీలో ఫోను మోగింది. కమలమ్మ పేరు. పద్మావతి బొటనవేలు పచ్చగుర్తు మీదికి వెళ్లి ఆగిపోయింది. ఎత్తితే మొదట అడిగేది ఒకటే, ఎక్కడున్నావని. దానికి తన దగ్గర జవాబు లేదు. ఎక్కడున్నానో తెలియదు అన్న మాట ఒకసారి నోటి నుంచి వస్తే ఇక వెనక్కి తీసుకోవడం కుదరదు. ఫోను మోగి మోగి ఆగింది. మళ్లీ మోగింది. ఆవిడ దాన్ని పసిపిల్లని పట్టుకున్నట్టు రెండు చేతులా గుండెకి అదుముకుని అలాగే నిలబడింది.

పక్కనే ఒక బంగ్లా తలుపుకి బయటవైపు గడియ వేసి ఉంది. తుప్పుపట్టిన పొడుగాటి గడియ. చూడకూడదనుకుంటూనే చూసింది. లోపల్నుంచి ఎవరో తడుతున్నట్టు అనిపించింది. తీరా వింటే, కొట్టుకుంటున్నది తన గుండె.

చీటీ తీసింది. అక్షరాలు అలుక్కుపోయి కనిపించాయి. పాత రాతి మేడ. అటుగా పరుగు తీస్తున్న అమ్మాయి ఒకతె కనిపిస్తే, వీలైనంత మామూలుగా మొహం పెట్టి, ఇక్కడ రాతి మేడ ఎక్కడమ్మా అని అడిగింది. ఆ అమ్మాయి చెవుల్లోంచి వైర్లు తీసి, చెట్ల వెనక్కి చెయ్యి చూపించింది. "గదే కదా ఆంటీ." నిజమే. వంద అడుగుల దూరంలో, కొమ్మల మధ్య నుంచి మేడ పిట్టగోడ కనపడుతోంది. పద్మావతి దాని వెనకవైపే తిరుగుతూ ఉంది.

మెట్ల మీద కమలమ్మ కూలబడి ఉంది. పద్మావతిని చూడగానే లేచి భుజాలు పట్టుకుని కుదిపేసింది. "యాడికి పోతివి పద్మా? ఫోనన్నా ఎత్తవా? నా పానం పోయిండాది." తిడుతూనే ఏడ్చింది. నాలుగువైపులా పరిగెత్తి వచ్చిన లావణ్యకి ఊపిరి ఆడటం లేదు.

ఈ మనిషే బంగ్లా అని చెప్పాడు, బంగ్లాలన్నీ వెతికొచ్చాను, చేతులు వణికి ఫోను ఎత్తలేకపోయాను అంది పద్మావతి. చంద్రయ్య బిత్తరపోయాడు. మీదికి చెయ్యి చూపిస్తూ, "గిదే బంగ్ల గద పెద్దమ్మా. మెట్లెక్కితే బంగ్ల. మీద గుడ బొమ్మలున్నయ్," అన్నాడు.

ముందు లావణ్యకి అర్థమైంది. ఇక్కడివాళ్లకి బంగ్ల అంటే మేడ పైభాగం, డాబా అని అత్తగారికి చెప్పింది. కర్నూలు నుంచి పెళ్లయి వచ్చిన కొత్తలో తనకీ తెలియక తికమకపడిందట. పాతికేళ్లుగా ఈ ఊళ్లో ఉన్నా తను ఎన్నడూ వినలేదు ఈ మాట అని కమలమ్మ నోరు వెళ్లబెట్టింది. ఇక నవ్వులే నవ్వులు. మన తప్పేముంది, ఒక్క తెలుగులో ఇన్ని తెలుగులున్నాయి అంది కమలమ్మ. చంద్రయ్య కూడా నవ్వాడు. పద్మావతి అందరికన్నా ఎక్కువ నవ్వింది. దేవుడు పైనుంచి తాడు వదిలినట్టు వచ్చింది ఆ మాట. దాన్ని రెండు చేతులతో పట్టుకుంది.

మేడ పైనున్న బొమ్మలు చూసి, క్యాంటీన్లో టీ తాగుతూ కూర్చున్నారు. వచ్చే నెల ఎక్కడికా అని కమలమ్మ మొదలుపెట్టింది. పూల ప్రదర్శన ఉంటుందట, గులాబీలే నూరు రకాలట. ఈ గండం గడిచిందనుకుంది పద్మావతి. వాన చినుకులు రేకుల మీద పడటం మొదలైంది.

ఫోను మోగింది. సుందరరావు. ఈసారి తనెక్కడున్నదీ ఆవిడకి తెలుసు, అందుకని ధైర్యంగా ఎత్తింది. ఇంటి దగ్గర వాన పడుతోందని, బట్టలు ఎక్కడున్నాయని అడిగాడు.

"బంగ్ల మీద ఉన్నాయండీ. ప్రవళిక పొద్దునే ఆరేసింది. త్వరగా తెచ్చెయ్యండి."

బంగ్లా ఏమిటని సుందరరావు అడగలేదు. సరే అని పెట్టేశాడు.

కమలమ్మ ఇది హాస్యమనుకుని నవ్వబోయింది. పద్మావతి మొహం చూసి ఆగిపోయింది. లావణ్య టీగ్లాసు బల్ల మీద పెట్టింది.

"ఆ మాట నీకు తెలుసు కదా పద్మా," అంది కమలమ్మ మెల్లగా.

"తెలుసు వదినా. ముప్పై ఏళ్లుగా తెలుసు." పద్మావతి టీగ్లాసు పక్కకి జరిపింది. "ఇందాక తెలియలేదు."

ఆ తర్వాత అన్నీ చెప్పింది. గడియారం, పాలు, తాళాలు, చీటీలు, అక్క. గడియ గురించి చెబుతూ చీటీ తీసి బల్ల మీద పెట్టింది. కమలమ్మ అడ్డు రాలేదు, ఓదార్చలేదు. అంతా విన్నాక, డాక్టరు దగ్గరికి సోమవారమే పోదామని, సుందరరావుతో మాట తానే కదుపుతానని అంది. పూల ప్రదర్శనకి నన్ను తీసుకెళ్తారా అని పద్మావతి అడిగింది. అడుగుతున్నప్పుడు ఆవిడ కళ్లు బల్ల మీదే ఉన్నాయి.

కమలమ్మ చెయ్యి చాచి చీటీ తీసుకుంది. కోడలి దగ్గర పెన్ను అడిగి, ఉన్న అక్షరాల కింద వంకరటింకరగా రాసింది: వచ్చే నెల పూల ప్రదర్శన. కమలమ్మ చెయ్యి వదలదు. రాసి పద్మావతి ముందుకి తోసింది.

పద్మావతి రెండుసార్లు చదువుకుంది. కాగితాన్ని తిప్పి కమలమ్మ వైపు జరిపింది.

"పేరొక్కటే రాస్తే ఎట్లా వదినా? పక్కన వదిన అని కూడా రాయి," అంది. "రేపెప్పుడైనా నేను ఇది చదువుకుంటే, నువ్వు నాకేమవుతావో తెలియాలి కదా."