ఛార్జ్ ఒప్పుకున్నవాడు

గోదావరిఖనిలో ప్రత్యేక కోర్టు పెడుతున్నారని మాకు చెప్పింది రఘుపతి. జడ్జి కమ్యూనిటీ హాలుకే వస్తాడట. కేసులున్నవాళ్లను వరసగా నిలబెట్టి, చేశావా లేదా అని అడిగి, ఒప్పుకున్నవాళ్లకు ఆ పూటే జరిమానా వేసి పంపేస్తారట.

"ఏండ్లకేండ్లు తిరుగుడు ఉండది కాకా. జైపాల్‌ను ఒప్పుకొమ్మను. ఫైను నేను కడత."

జైపాల్ నా కొడుకు. గనిలో కాంట్రాక్టు మీద పంపు నడుపుతాడు. పంపు దగ్గర పెట్టిన రాగి కేబుల్ చుట్ట మాయమైందని వాడి మీద కేసు. రఘుపతిది అదే పంపు మీద ముందు షిఫ్టు. దొంగ అని ముద్ర పడితే జైపాల్ గేటు పాసు పోతుంది. మళ్లీ ఏ గనిలోనూ అడుగు పెట్టనివ్వరు.

ఎన్నడూ ఒక చాయ్ తాగించని రఘుపతి ఫైను ఎందుకు కడతానంటున్నాడు? నేను అడగలేదు. ఒప్పుకొమ్మని జైపాల్‌కు చెప్పనూ లేదు. నాకు మాటలు తక్కువ.

హాల్లో అందరికీ చాయ్ పోస్తున్నారు. కోర్టులో చాయ్ పోయడం నేనెక్కడా వినలేదు. ముట్టలేదు.

నల్లకోటు వేసుకున్న ఆడపిల్ల ఒకతె వచ్చింది. "నా పేరు ఉమేరా, కాకా. సర్కారు పెట్టిన వకీలును. పైసా ఇయ్యద్దు. జైపాల్‌తోని జర మాట్లాడుత."

పైసలొద్దనే వకీలంటే నాకు మరీ అనుమానం. "అక్కర లేదు" అన్నాను.

"మంచిగన్నవ్ కాకా, వకీళ్లొస్తే సాగదీస్తరు" అన్నాడు రఘుపతి నా చెవిలో.

జైపాల్ పేరు పిలిచారు. గుమస్తా కాగితం గడగడా చదివి, "నీ మీదున్న ఛార్జ్ ఒప్పుకుంటున్నవా?" అన్నాడు.

"ఒప్పుకున్న సార్!"

షిఫ్టు మారేటప్పుడు గనిలో అనే మాట అది. దిగిపోయేవాడు పంపూ సామానూ అప్పజెప్పి "ఛార్జ్ ఇచ్చిన" అంటాడు. వచ్చినవాడు "ఒప్పుకున్న" అంటాడు. ఆ గొంతుతోనే అన్నాడు వీడు.

రఘుపతి వైపు చూశాను. నవ్వు ఆపుకుంటున్నాడు. గుమస్తా కలం తీశాడు.

లేచి నిలబడ్డాను. "ఏ ఛార్జ్ సారూ?"

"ఏయ్ ముసలాయనా, కూసో!" అని పోలీసు నా మీదికొచ్చాడు.

జడ్జి చేయెత్తి ఆపాడు. జైపాల్‌ను సూటిగా అడిగాడు. "ఆ కేబుల్ నువ్వు దొంగిలించావా?"

"దొంగతనమా? నేనెందుకు చేస్త సార్! పంపు ఛార్జ్ అనుకున్న."

హాలంతా నవ్వింది. జడ్జి నవ్వలేదు. "నేరం ఒప్పుకోలేదని రాయండి" అని విచారణకు వాయిదా వేశాడు.

బయట ఉమేరా మళ్లీ వచ్చింది. ఈసారి నేను అడ్డం చెప్పలేదు. జైపాల్‌ను అడిగింది.

"ఆ దినం ఛార్జ్ తీసుకునేటప్పుడు కేబుల్ ఉండెనా?"

"లేకుండె మేడం. రిపేరుకు పోయింది, ఫికర్ చెయ్యకు, ఒప్పుకో అన్నడు రఘుపతన్న."

"ఈ ముచ్చట ఎవ్వలకన్న చెప్పినవా?"

"ఎవలడిగిండ్రు మేడం?"

ఆమె నా మొహం చూసింది. నేను రఘుపతి కోసం వెనక్కి, హాల్లోకి చూశాను. అతను కూర్చున్న కుర్చీ మీద సగం తాగిన చాయ్ ఉంది. మనిషి లేడు.

"రాసుకో బిడ్డా," అన్నాను. "అంతా రాసుకో."

రాయడం అయ్యాక రెండు చాయ్‌లు తెప్పించి, ఒకటి నా చేతికిచ్చింది.

"ముందు నువ్వు తాగు" అన్నాను.