రూటర్ మీద కొవ్వొత్తి

బడి కప్పు మీద గాలికి వంగిన యాంటెనాను నిలబెట్టాలి. కొండ మీది కొత్త విల్లాలో ఈతకొలను దాకా సిగ్నల్ అందేలా చేయాలి. లోయలో మిలోయ్కా ఇంట్లో చచ్చిన రూటర్‌ను బతికించాలి.

ఇంటర్నెట్ కంపెనీలో మెకానిక్ వుకోసావ్ బూట్లు తొడుక్కుంటూ ఆ రోజు పనులు ఫోన్లో విన్నాడు. చెబుతున్నది ఈ మధ్యే ఆఫీసులో పెద్ద కుర్చీ ఎక్కిన ఓగ్న్యెన్.

"ముందు విల్లా, బాబాయ్. బెల్‌గ్రేడ్ నుంచి వచ్చిన పెద్దమనిషి. కొలను ఒడ్డున సినిమా ఆగి ఆగి వస్తోందట."

"మిలోయ్కా ఇంటికి ముందెళ్తా. ఆమె చెల్లెలికి..."

"ఆ ముసలమ్మకి నిన్న ఫోన్లోనే చెప్పాం కదా! చిన్న బొక్కలో సూది పెట్టి నొక్కమంటే, దీపాలన్నీ ఆరిపోయేదాకా పొడిచిందట. ఇంకేం చేస్తాం?"

మొన్న ఉరిమినప్పుడు, ఆ లోయలో అందరూ చేసినట్టే, మిలోయ్కా రూటర్ తీగలన్నీ పీకేసింది. తిరిగి పెట్టేటప్పుడు ఒక తీగ వేరే రంధ్రంలోకి పోయింది. ఆఫీసు వాళ్ళు నొక్కమన్నారని క్రోషే సూదితో నొక్కిపట్టింది. దాంతో లోపలున్న పేరు, పాస్‌వర్డ్ తుడిచిపెట్టుకుపోయాయి. ఇప్పుడా పెట్టె తానెవరో టవర్‌కు చెప్పుకోలేదు. ఎవరో ఒకరు వెళ్ళి మళ్ళీ రాయాల్సిందే.

ఓగ్న్యెన్ కంటే ముందే, తెల్లవారుతూనే, ఆమె వుకోసావ్‌కు గోడ ఫోన్ నుంచి చేసింది.

"నాయనా, మా చెల్లి స్తానికాకి ఇవాళ గడవదట. ఆసుపత్రిలో నర్సమ్మ మంచం పక్కన ఫోన్ నిలబెట్టి ఉంచుతానంది. అక్కడ నిప్పు ముట్టించనివ్వరు గదా, దాని మొహం చూస్తూ నేనిక్కడ కొవ్వొత్తి వెలిగిస్తా. ఊపిరి ఆగేలోపే వెలగాలి."

"ముందే వెలిగించి ఉంచు, పిన్నీ." అనకూడని మాటని తెలిసీ అన్నాడు.

"నోరు ముయ్! ముందే వెలిగిస్తే చావు కోరుకున్నట్టు కాదూ? ఈ గోడ ఫోన్‌కేమో పోయాకే కబురొస్తుంది. నువ్వు తొందరగా రా."

కొవ్వొత్తి వెలుగు లేకుండా పోయినవాళ్ళు పైలోకంలో చీకట్లో తడుముకుంటారని ఆ లోయలో నమ్మకం. మూడేళ్ళ కిందట భార్య రుజా పోతున్నప్పుడు ఆమె వేళ్ళ మధ్య కొవ్వొత్తి నిలిపి పట్టుకున్నది వుకోసావే. వేడి మైనం కారిన మచ్చ అతని బొటనవేలి మీద ఇంకా ఉంది.

పింఛనుకు ఇంకా రెండు చలికాలాలున్నాయి. ఎదురు చెప్పిన ఇద్దర్ని వసంతంలోనే ఇంటికి పంపారు. విల్లాలో అరగంట పనే కదా అనుకుని వ్యాన్ కొండ మీదికి తిప్పాడు.

"గోడకి రంధ్రం కనపడకూడదు, మావయ్యా. ఈ రాయి ఇటలీ నుంచి తెప్పించాను" అన్నాడు పెద్దమనిషి, ఒంటికి తువ్వాలు చుట్టుకుని.

"రాయి ఎక్కడిదైతేనేం బాబూ, దుమ్ము నా నోట్లోనే పడుతోంది."

ఆయన పగలబడి నవ్వి కాఫీ పెట్టించాడు. పెట్టిన కాఫీ కాదనడం ఆ కొండల్లో లేదు. తర్వాత సినిమా ఆగకుండా వస్తోందో లేదో కూర్చుని చూడమన్నాడు. వుకోసావ్ కూర్చున్నాడు. కింద గుడిలో మధ్యాహ్నపు గంట మోగింది.

బడి సంగతి వదిలేసి లోయకు దిగేసరికి మిలోయ్కా గుమ్మంలోనే ఉంది. ఒక చేతిలో పసుపు మైనపు కొవ్వొత్తి, ఇంకో చేతిలో అగ్గిపెట్టె. అతను రూటర్ మీది లేసుగుడ్డ తొలగించాడు. తీగ సరైన రంధ్రంలో పెట్టాడు. పేరు, పాస్‌వర్డ్ తడుముకోకుండా కొట్టాడు. పచ్చదీపం వెలిగింది.

"వచ్చింది, పిన్నీ."

ఆమె టాబ్లెట్ అందుకుని నర్సమ్మకు వీడియో ఫోన్ కలిపింది. బొమ్మ ఎక్కడా ఆగలేదు. ఖాళీ మంచం మీద ఎవరివో చేతులు కొత్త దుప్పటి పరుస్తున్నాయి.

మిలోయ్కా టాబ్లెట్‌ను కళ్ళకు దగ్గరగా తెచ్చుకుంది.

"సిగ్నల్ బాగుంది, నాయనా. దిండు మీది గళ్ళు కూడా కనపడుతున్నాయి."

గోడ ఫోన్ మోగడం మొదలుపెట్టింది. ఇద్దరిలో ఎవరూ తీయలేదు.

వ్యాన్ ఎక్కాక ఓగ్న్యెన్ ఫోన్ చేశాడు. "బాబాయ్, అదరగొట్టావ్! విల్లా ఆయన నీకు అయిదు స్టార్లిచ్చాడు!"

వుకోసావ్ ఫోన్ పెట్టేశాడు. బొటనవేలి మచ్చను రెండో చేత్తో మూసుకుని కూర్చున్నాడు.

మీ ఇంట్లో దీపం వెలిగించే వేళ స్తానికాను ఒక్కసారి తలుచుకోండి. ఆమె కొవ్వొత్తి లేసుగుడ్డ పరిచిన ఆ రూటర్ మీదే ఉంది, ఒత్తి ఇంకా తెల్లగానే.