ఇరవయ్యొకటో నాటి పాలు

ఆ రోజు మా ఇంట్లో కాలు పెట్టడానికి జాగా లేదు. 1989, ఎండాకాలం. నా మొదటి బిడ్డకు ఇరవై ఒకటో రోజు, తొట్టెల్లో వేసి పేరు పెట్టే రోజు. పదకొండుంబావుకు ముహూర్తం. భివండిలో మరమగ్గాల మీద పనిచేసే మా ఆయన విశ్వేశ్వర్ ఆ పొద్దున బస్సుకే దిగుతాడు, బిడ్డ ముఖం ఇంకా చూడలేదు. సిద్దిపేటలో మా నేతవాళ్ల గల్లీ మొత్తం మా వాకిట్లోనే ఉంది. మా నాయిన మగ్గం గుంట మీద చెక్కలు పరిచి, పైన చాపలు వేసి, దానిమీద కూడా చుట్టాలను కూర్చోబెట్టాడు.

అంత సంబరంలో నేను లోపలి గదిలో పళ్లు బిగబట్టి కూర్చున్నాను. రెండు వైపులా చనుమొనలు పగిలిపోయాయి. ఎడమ వైపయితే నెత్తురు కూడా కనిపించింది. పిల్ల ఆకలికి నోరు తెరిచిందంటే చాలు, నా కాలివేళ్లు ముడుచుకునేవి. మూడు రోజులుగా ఎడమ వైపు ఇవ్వడమే మానేశాను. అది గట్టిపడితే అమ్మ వేడిగుడ్డతో కాపడం పెట్టి పిండేది. పురిటి నొప్పుల గురించి గంటలు గంటలు చెప్పిన మా గల్లీ ఆడవాళ్లలో ఒక్కరు కూడా ఈ సంగతి ముందుగా నా చెవిన వెయ్యలేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ ఉంది.

తెలిశాక మాత్రం తలా ఒక వైద్యం. పక్కింటి రాధమ్మ వెన్న రాయమంది. ఇంకొకామె కొబ్బరినూనె అంది. మరొకామె తేనె తెస్తే, పసిపిల్ల నోట్లోకి పోతుందని అమ్మ దాన్ని గడప దాటనివ్వలేదు. వెన్నయినా నూనెయినా రాసిన కాసేపు హాయిగా ఉండేది, పిల్ల పట్టగానే కథ మళ్లీ మొదటికొచ్చేది. మా ఇంట్లో నేసేవి గొల్లభామ చీరలు. అంచు పొడవునా పాలకుండ ఎత్తుకున్న భామలే. వాళ్లను చూస్తే ఒళ్లు మండేది. కుండ నెత్తిన పెట్టుకుని పోవడం ఏమంత గొప్ప, ఒక పిల్లకు పట్టి చూడమనండి.

నిజం చెప్పాలంటే ఆ వారం నా మనసు డబ్బా పాల మీద పడింది. మా ఆడబిడ్డ అనసూర్య వదిన అక్కన్నపేట నుంచి వస్తూ ఒక పాలడబ్బా, సీసా పట్టుకొచ్చింది. ఆమె ఇద్దరు పిల్లలూ డబ్బా పాలతోనే పెరిగారు. "నీకు చాతగాకుంటే చెప్పు, నేను పడత" అంది, ప్రేమగానే. వద్దని పైకి అన్నాను గానీ, ఆ డబ్బా ఏ గూట్లో ఉందో నా కళ్లకు బాగా తెలుసు.

పొద్దున నా తలస్నానం కాగానే మా అమ్మ విమలమ్మ ఒక గిన్నె పట్టుకుని వచ్చింది. అమ్మకు వేపాకు మీద ఉన్నంత నమ్మకం దేవుడి మీద కూడా లేదు. అమ్మవారు పోసినా వేపాకే, కాలికి ముల్లు గుచ్చుకున్నా వేపాకే, చీరల మడతల్లోనూ వేపాకే. లేత చిగుళ్లు, పసుపు కలిపి మెత్తగా నూరి, రెండు వైపులా మందంగా పెట్టింది.

"ఆరేదాక గట్లనే ఉండనియ్యి బిడ్డా. ముహూర్తం వరకు నొప్పి మాయమైతది. వేపాకుకు మానని పుండు లేదు."

నిజంగానే చల్లగా ఉంది. ఆరాక తడిగుడ్డతో తుడుచుకుని, ఎనిమిదింటికి ఉషారుగా పిల్లను ఎత్తుకున్నాను. పిల్ల నోరు పెట్టింది. ముఖం చిట్లించింది. తల అటు తిప్పేసుకుంది. మళ్లీ పెడితే కెవ్వుమంది. తొమ్మిదింటికీ అంతే. రెండు వైపులా అంతే. ఆకలికి పిడికిలి చీకుతుంది గానీ నన్ను మాత్రం ముట్టదు. అమ్మ ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచి పొయ్యిలో వేసింది. "ఘాటే వస్తలేదు సూడున్రి, గిది దిష్టే" అని చుట్టాలంతా దగ్గుతూ తీర్మానం చేశారు.

అంతలో వాకిట్లో ఒక్కసారి గోల. మా ఆయన వచ్చాడు. బ్యాగు దించకుండానే గది గుమ్మం దగ్గరికొచ్చి, పరదా అవతల నిలబడ్డాడు. బిడ్డ ముఖం చూసేముందు బిడ్డ ఏడుపు విన్నాడు.

"ఏమైంది? గంతగనం ఏడుస్తుందేంది?"

"పొద్దటి సంది చుక్క తాగలే తమ్మీ" అంది వదిన. "రొమ్ము పడుతలేదు. డబ్బా కలుపుతున్న."

"కలుపక్కా. పిల్ల ఎండిపోతది."

వదిన నీళ్లు కాచడానికి లేచింది. వారం రోజులుగా నేను లోలోపల కోరుకున్నది అదే. ఇక నొప్పి ఉండదు, ఎవరూ నన్ను తప్పు పట్టరు. అయినా నాకు ఏడుపు తన్నుకొచ్చింది. పిల్లను నేను వద్దనుకోవడం వేరు, పిల్ల నన్ను వద్దనడం వేరు. ఒక్కసారి ఆ సీసా అలవాటైతే ఇది మళ్లీ నా దగ్గరికి రాదనిపించింది. నాకు నా బిడ్డ కావాలి, నొప్పితో సహా కావాలి. వదిన వెళ్లిన వైపే చూస్తూ పిల్లను గుండెకు హత్తుకున్నాను.

సరిగ్గా అప్పుడు దిగింది మా అమ్మమ్మ అంజవ్వ, చింతమడక బస్సులో, సంచి నిండా మామిడికాయలతో. ఏడుగురిని కని పెంచిన మనిషి. జీవితమంతా మగ్గానికి నూలు కండెలు చుట్టి చుట్టి ఆమె వేళ్లు వంకరపోయాయి. ఎవరు ఏం చెప్తున్నా వినకుండా తిన్నగా నా దగ్గరికొచ్చి కూర్చుంది. పిల్లను చూసింది, నన్ను చూసింది. నా రొమ్ము మీద వేలు పెట్టి, ఆ వేలు తన నాలుకకు తగిలించుకుంది.

"విమలా, ఇరవై దినాల పిల్లకు అప్పుడే పాలు మాన్పిస్తున్నవా?"

"గదేం మాటనే అవ్వా" అంది మా అమ్మ.

"నిన్ను మాన్పించింది గీ వేపాకు పెట్టే గదనే. మూడు దినాలు నా మొఖం సూడలే నువ్వు."

సిద్దిపేట చుట్టుపక్కల పాలు మాన్పించాలంటే రొమ్ముకు వేపాకు రాస్తారని అక్కడున్న ప్రతి ఆడమనిషికీ తెలుసు. వేపాకు మందన్న సంగతి బుర్రలో ఒక గూట్లో, వేపాకుతో పాలు మానతారన్న సంగతి ఇంకో గూట్లో పెట్టుకున్నారు, అంతే. మా అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వుతుందో ఏడుస్తుందో తెలియలేదు. గోరువెచ్చని నీళ్లు తానే తెచ్చి, రెండుసార్లు, మూడుసార్లు, మెత్తటి గుడ్డతో నన్ను కడిగింది. "నా చేతులు ఇరగ" అని తిట్టుకుంటూనే కడిగింది.

వదిన సీసా పట్టుకుని వచ్చి నిలబడింది. టైము పదకొండు కావస్తోంది.

"ఒక్క పావుగంట నాకియ్యి బిడ్డా" అంది అమ్మమ్మ.

"పావుగంటనే అమ్మమ్మా. పిల్ల సొమ్మసిల్లుతది. గటెనుక నేను ఊకోను."

నేను ఆత్రంగా పిల్లను అందుకున్నాను. ఈసారి తల తిప్పలేదు, పట్టింది. పట్టగానే ప్రాణం పోయినట్టయింది. అమ్మమ్మ నా కాలివేళ్ల వైపు చూసింది.

"ఆగు. గుంజకు. నీ చిటికెనవేలు దాని నోటి మూలకు పెట్టి మెల్లగ ఇడిపియ్యి." విడిపించాను. "గిప్పుడు సమజైంది నాకు. గా మూట ఇప్పు ముందుగాల."

పిల్లను పాత ధోవతి ముక్కలో చేతులు కూడా కదలకుండా చుట్టి ఉంచాం, మా ఇళ్లలో అందరూ చుట్టినట్టే. ఒడిలో వెల్లకిలా పడుకోబెట్టి, మెడ మాత్రం నావైపు తిప్పి, నేనే దాని మీదికి వంగి పట్టేదాన్ని. అమ్మమ్మ చుట్టు విప్పేసింది. పిల్ల రెండు చేతులూ ఇంత బారున చాపింది.

"మెడ పక్కకు తిప్పుకోని నువ్వు నీళ్లు తాగుతవా? ఇది మాత్రం ఎట్ల తాగుతది? దాని కడుపు నీ కడుపుకు ఆనాలె. నువ్వు వంగకు. పిల్లనే నీ దగ్గరికి తీస్కో."

నా వీపుకు దిండ్లు పెట్టించింది. పిల్ల పై పెదవికి మొన తగిలించి, ఆగమంది. పిల్ల చిన్నగా నోరు తెరిచింది. నేను తొందరపడబోతే అమ్మమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"గంత చిన్న నోరు పనికిరాదు. ఆవులించినట్టు తెరువనియ్యి."

ఇంకోసారి తగిలించాను. వాకిట్లో ఎవరో టైము అరుస్తున్నారు. వదిన సీసాను చెంపకు ఆనించుకుని వేడి చూసుకుంటోంది. పిల్ల మళ్లీ కొంచెమే తెరిచింది. ఆగాను. అప్పుడు తెరిచింది, నోరంతా తెరిచింది. "ఇగ ఇప్పుడు" అంటూ అమ్మమ్మ పిల్ల వీపు మీద చెయ్యి వేసి నాలోకి నొక్కింది.

మొనే కాదు, చుట్టూ ఉన్న నలుపంతా పిల్ల నోట్లోకి పోయింది. మొదటి రెండు క్షణాలు చురుక్కుమంది, నా కాళ్లు ముడుచుకున్నాయి. తర్వాత ఆ చురుకు ఎటు పోయిందో తెలియదు. గుటక వినిపించింది. ఇంకో గుటక. కాలివేళ్లు వాటంతటవే విచ్చుకున్నాయి. నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, గల్లీ మొత్తాన్నీ పిలిచి చూపించాలనిపించింది.

"గీ నలుపు నోట్లకు రాకుంటె మొన నలుగుతది. నలిగితే పగులుతది. అంతే బిడ్డా, గీ రోగం" అంది అమ్మమ్మ. "తాగినంక నీ పాలే రెండు చుక్కలు పిండి రాసుకో. గాలికి ఆరనియ్యి, జాకెటుకు తొందరపడకు. ఎర్రగ ఉబ్బి జ్వరమొస్తే మాత్రం నా కోసం సూడకు, దవాఖానకు పో."

వదిన సీసాను కిందపెట్టి, నా పక్కన చతికిలబడింది. పిల్ల గుటకలు కాసేపు చూసింది.

"గిట్ల నాకెవరూ చెప్పలేదు" అంది మెల్లగా. "ఇద్దరికీ పదిహేను దినాలే ఇయ్యగలిగిన. నా పాలే మంచియి గావనుకున్న."

ఆమె మోచెయ్యి పట్టుకున్నాను.

వాకిలి నుంచి మా నాయిన కేకేశాడు. "విమలా, పిల్లను తీస్కరాన్రి. పంతులు తొందరపెడ్తుండు, ముహూర్తం దాటుతది."

మా అమ్మ నా వైపు చూసింది. పరదా కొంచెం పక్కకు జరిగింది. అవతల మా ఆయన ముఖం కనిపించింది, చేతిలో ఇంకా ఆ భివండి బ్యాగే. బిడ్డను అప్పుడు చూశాడు, మొదటిసారి, తాగుతుండగా.

"ఆగుమనున్రి" అన్నాను. ఇరవై ఒక్క రోజుల్లో నేను గట్టిగా అన్న మొదటి మాట అదే. "నా బిడ్డ తాగుతుంది."

కుడివైపు అయిపోయింది. పిల్ల నోటి మూలకు చిటికెనవేలు పెట్టి విడిపించాను. మా కోసం ఆగినవాళ్లు వాకిట్లో పాటలు మొదలుపెట్టారు. ఎవరూ చెప్పకుండానే పిల్లను ఎడమ వైపుకు మార్చుకుని, నోరు పెద్దగా తెరిచేదాకా ఆగాను.