నల్లేరు మీద సైకిలు

బావమరిది బోర్డు తెచ్చి బల్ల మీద పెట్టేసరికి అతను ఒక వెనక చక్రానికి వంకర తీస్తున్నాడు. తలెత్తలేదు. చక్రం తిరుగుతున్నప్పుడు తలెత్తితే వంకర ఎక్కడుందో మళ్లీ మొదటినుంచి వెతుక్కోవాలి. బావమరిది కోసం అంత శ్రమ దండగ.

ఊళ్లో అతన్ని స్పోకు అంటారు. మనిషి సన్నం, నిటారు, వంచబోతే టంగుమంటాడు. సైకిళ్ల రిపేరు కొట్టు పెట్టి ముప్ఫై ఏళ్లు దాటింది. ఒకప్పుడు కొండ ఎక్కలేక సైకిలు దిగి నెట్టుకొచ్చేవాళ్లు అతని దగ్గరికి వచ్చేవారు. ఇప్పుడు కొండ కనబడకపోతే తోచనివాళ్లు వస్తున్నారు. వాళ్ల సైకిళ్లకు ముందోటీ వెనకోటీ స్ప్రింగులు, నూనెతో పనిచేసే బ్రేకులు. తలకు హెల్మెట్, మోకాళ్లకు మోకాలిచిప్పల మీద ఇంకో చిప్ప. పడడానికి ఇన్ని ఏర్పాట్లు చేసుకుని బయల్దేరేవాణ్ణి ఎవడూ ఆపకూడదని స్పోకు సిద్ధాంతం.

బావమరిది ఆ కొండ సైకిళ్ల క్లబ్బుకు కార్యదర్శి. ఆదివారం వచ్చిందంటే ఊరి వెనక అడవిలోకి జనాన్ని నడిపించుకెళ్తాడు. చెట్లు చూపిస్తాడు, కథలు చెబుతాడు, ఆఖర్న సైకిళ్లెక్కించి కిందికి దొర్లిస్తాడు. అందుకే అతన్ని కథల మామ అంటారు. ఆ అడవిలో అతను కథ చెప్పని బండ లేదు. సగం బండలు ఒకప్పటి పెళ్లికూతుళ్లు. అంతమంది పెళ్లికూతుళ్లు రాళ్లయిపోతే పెళ్లికొడుకులందరూ ఏమయ్యారని ఇంతవరకు ఎవరూ అడగలేదు.

మిగతా కథలు స్పోకు భార్య పుట్టించినవి. ఆమె ఇరవై ఆరేళ్లపాటు అడవిలో ఆకూ వేరూ కోసి మందుల దినుసుల కొట్టుకు వేసేది. తనలాగే కోసుకునేవాళ్లు ఇంకో పదిమంది ఉండేవారు. అందుకని తిప్పతీగ బాగా దొరికే గట్టు మీద తల లేనివాణ్ణి కాపలా పెట్టింది. సుగంధిపాల వేళ్లున్న వాగు పక్కన రాత్రింబవళ్లు ఏడ్చే పసిబిడ్డను పెట్టింది. ఇవన్నీ అబద్ధాలని మొగుడికి తప్ప ఎవరికీ చెప్పలేదు. తమ్ముడికి అసలే చెప్పలేదు. వాడికి చెబితే చాటింపు వేయించినట్టే అనేది. తమ్ముడు ఆ తల లేనివాణ్ణి నమ్మి, ఇప్పుడు ఊరందరికీ చూపిస్తున్నాడు.

ఆమె పోయి రెండేళ్లయింది. ఆసుపత్రిలో పదకొండు రోజులుంది. తమ్ముడి ఇల్లు ఆసుపత్రికి రెండు వీధుల అవతల. పదకొండు రోజుల్లో పదకొండు వాయిస్ మెసేజీలు పంపాడు. పన్నెండో రోజు పూలదండ తెచ్చాడు. ఆ దండను స్పోకు వాకిట్లోనే అందుకుని గోడ మీద పెట్టాడు. అది గోడ మీదే ఎండింది.

"నాలుగు మూలలా రంధ్రాలు వేసిపెట్టు బావా," అన్నాడు బావమరిది. "ఆదివారం కొత్త దారి మొదలుపెడుతున్నాం. అక్క పేరే పెట్టాం."

స్పోకు చక్రం ఆపి బోర్డు చదివాడు. పైన పెద్ద అక్షరాలతో 'అక్క బాట' అని ఉంది. దాని కింద, చెట్లతో మాట్లాడిన వనదేవత నడిచిన దారి అని. ఆ కింద, ఇది నల్లేరు మీద నడక అనేది ఆ తల్లి అని. అడుగున ఆకుపచ్చ చుక్క పెట్టి, తేలిక దారి, కొత్తవారికి అనుకూలం అని రాశారు.

చెట్లతో ఎవరు మాట్లాడారని అడిగాడు. అక్కే అన్నాడు బావమరిది. మాట్లాడిన మాట నిజమే. చీర ముల్లుకు తగులుకుంటే ఆ చెట్టుతోనూ, దాని అమ్మతోనూ, వంశంతోనూ మాట్లాడేది. అందులో ఒక్క ముక్క కూడా బోర్డు మీద రాసేది కాదు.

"వనదేవత అని ఎవరన్నారు?"

"జనం అంటున్నారు బావా."

"జనానికి ఎవరు చెప్పారు?"

బావమరిది గోడకు వేలాడుతున్న చైన్లు చూశాడు.

ఆ రెండు ముక్కలూ తీసేయమన్నాడు స్పోకు. పేరు పెడితే పెట్టుకోండి, ఆకులు కోసి అమ్ముకుని బతికింది, చచ్చిపోయింది అని రాయండి, చాలు అన్నాడు. అలాంటి బోర్డు దగ్గర ఎవరాగుతారు బావా అన్నాడు బావమరిది. ఆదివారం అందరిముందూ చదువుతాననీ, అప్పుడు నలుగురి కళ్లూ తడవకపోతే అడగమనీ అన్నాడు. అక్కడితో ఊరుకోలేదు.

"అక్క నాకూ అక్కే. నువ్వొక్కడివే ఏడవాలా?"

"నువ్వు ఏడ్చావా? మెసేజీలో వినబడలేదే."

బావమరిది బోర్డు ఎత్తుకుపోవాలో వదిలిపోవాలో తెలియక నిలబడ్డాడు. అప్పుడు స్పోకు మూడో వాక్యం మళ్లీ చదివాడు. ఆ దారి ఏ వాలు మీదుగా పోతుందని అడిగాడు. తూర్పు వాలు అన్నాడు బావమరిది. ఎప్పుడు చూశారని అడిగాడు. ఎండాకాలంలో అన్నాడు.

స్పోకు బోర్డును బల్ల అంచుకు జరిపాడు. డ్రిల్లు తీసి నాలుగు రంధ్రాలూ వేశాడు. అంచులు గీరుకోకుండా ఆకురాయితో నున్నగా రుద్ది ఇచ్చాడు కూడా. బావ మెత్తబడ్డాడనుకున్నాడు కథల మామ.

తూర్పు వాలంతా నల్లేరు. పలకలు పలకలుగా, కణుపులు కణుపులుగా రాళ్లమీద అల్లుకుని ఉంటుంది. ఎండాకాలంలో వడిలి రాళ్లను కరుచుకుంటుంది. నాలుగు వానలు పడితే బొటనవేలు లావున ఉబ్బి దారినిండా పరుచుకుంటుంది. తొక్కితే చిట్లి సబ్బులా జారుతుంది. రసం తగిలితే దురద. ఆమె నల్లేరు కోసుకుని ఆ వాలు దిగినప్పుడల్లా గోనెతో సహా కూర్చునే దిగేది. ఇంటికొచ్చేసరికి చీర వెనక భాగం పచ్చగా ఉండేది. ఎలా సాగిందని అడిగితే, గోక్కుంటూ, నల్లేరు మీద నడకే అనేది. మొగుడు నవ్వేవాడు. ఆ మాట ఓసారి గుమ్మంలో నిలబడ్డ తమ్ముడి చెవిన పడింది. అతను సామెత అనుకున్నాడు. క్లబ్బు దాన్నిబట్టి ఆకుపచ్చ చుక్క పెట్టింది. ఆ నాలుగు వానలూ అప్పటికే పడ్డాయి.

శనివారం మధ్యాహ్నం కూతురు సైకిలు తెచ్చింది. ఆమె కళ్లజోళ్ల కొట్టులో అద్దాలు అరగదీసే పని చేస్తుంది. మాటల్లో తండ్రి, నవ్వులో తల్లి. బ్రేకు కొంచెం బిగించమంది. రేపు మామయ్య ముందు దిగుతాడు, వెనక నేను అంది.

స్పోకు బ్రేకు బిగిస్తూ బిగిస్తూ ఆగాడు. నువ్వు వెళ్లకు అన్నాడు. ఎందుకంది. వాన అన్నాడు. వాన వెలిసి రెండు రోజులైంది అంది. కొత్త దారి, నలగలేదు అన్నాడు. నలగడానికేగా వెళ్లేది అంది. కూతురి చేతికి అబద్ధం దొరికితే కళ్లజోడు అద్దంలా వెలుతురులో పెట్టి తిప్పి చూస్తుంది. ఇక లాభం లేక నల్లేరు సంగతి చెప్పాడు. కూతురు ముందు నవ్వింది. తర్వాత నవ్వడం మానేసింది.

"మామయ్యకు చెప్పలేదా?"

"అడగలేదు."

"రంధ్రాలు వేసిచ్చావు కదా."

"అది అడిగాడు."

కూతురు స్పానరు అతని చేతిలోంచి తీసుకుని తనే బ్రేకు బిగించుకుంది. రేపు అందరిముందూ నువ్వే చెప్పు, చెప్పకపోతే నేను దిగుతాను అంది. నీకు మామయ్య మీద కోపమేగాని ఆయన వెనక ఉన్నవాళ్లమీద లేదుగా అని కూడా అంది. ఉన్నవాళ్లందరిమీదా అంతో ఇంతో కోపం ఉన్నా, కూతురి ముందు ఆ లెక్క చెప్పదలచలేదు.

ఆదివారం పొద్దున్న పాతికమంది పోగయ్యారు. క్లబ్బు అధ్యక్షుడు పళ్ల డాక్టరు. పాత చెప్పులతో వచ్చిన స్పోకును చూసి, పెద్దాయన కూడా దిగుతారా అన్నాడు. స్పోకు చూస్తానన్నాడు. దారి పొడవునా బావమరిది రాళ్లయిన పెళ్లికూతుళ్లను పరిచయం చేశాడు. తిప్పతీగ గట్టు మీద అందరూ తల లేనివాడి కోసం ఒక నిమిషం మౌనం పాటించారు. స్పోకు ఆ నిమిషమంతా నవ్వు ఆపుకోవడానికే ఖర్చు పెట్టాడు. భార్య పోయాక అతనికి నవ్వొచ్చింది అదే మొదలు. అది కూడా ఆమె వల్లే.

వాలు మొదట్లో రెండు గుంజలకు బోర్డు బిగించి ఉంది. కింద వాలంతా పచ్చటి తివాచీ పరిచినట్టుంది. ఎంత బాగుందో అంది ఎవరో. బావమరిది గొంతు సవరించుకుని బోర్డు చదివాడు. వనదేవత దగ్గర ఒకావిడ కళ్లు తుడుచుకుంది. కూతురు తండ్రివైపు చూస్తూ హెల్మెట్ పట్టీ బిగించింది.

స్పోకు ముందుకొచ్చి చెప్పాడు. ఆ పచ్చటిదంతా నల్లేరేననీ, నా భార్య దాని మీద ఏనాడూ నడవలేదనీ, జారేదనీ చెప్పాడు. నాలుగు ముక్కల్లో చెప్పి ఆగాడు. పళ్ల డాక్టరు కార్యదర్శివైపు చూశాడు.

బావమరిదికి ముఖం ఎర్రబడింది. "ఏ పంతులుగారినైనా అడుగు బావా. నల్లేరు మీద బండి నడక అంటే తేలికని అర్థం."

"బండికి. దాని చక్రానికి ఇనప పట్టా, మీద పది బస్తాల బరువు, ముందు రెండు ఎద్దులు. అది నలుపుకుంటూ పోతుంది. నీ సైకిలుకు ఏమున్నాయి?"

ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు లేకపోతే బావమరిది ఆగేవాడేమో. చెప్పిన కథలు నమ్మినవాళ్లు పాతికమంది వెనక నిలబడి ఉంటే ముందున్నవాడు ఆగడం కష్టం. అక్క మాట నాకు తెలుసు, నువ్వు ఓర్వలేక అంటున్నావు అని సైకిలెక్కాడు.

మూడు గజాలు సైకిలు మీదే వెళ్లాడు. తర్వాత సైకిలు ఒక దారి పట్టింది, అతను ఒక దారి పట్టాడు. కాసేపు పక్కకు, కాసేపు వెల్లకిలా, ఆఖరున అచ్చం అక్కలాగే కూర్చుని దిగాడు. కింద బండకు చెయ్యి ఆనించాడు. చప్పుడు పైదాకా వినబడింది. ఆ బండ పెళ్లికూతురు కాదు, ఉత్త బండే.

చుట్టుదారిన అందరూ కిందికి చేరేసరికి అతను మణికట్టు పట్టుకుని, ఏడుస్తూ, రెండో మోచేత్తో వీపు గోక్కోవాలని చూస్తున్నాడు. అందరూ డాక్టరుగారూ అన్నారు. నాది పళ్ల వరకే అన్నాడాయన. స్పోకు మోకాళ్లమీద కూర్చున్నాడు. కూతురి సైకిలు పంపును చేతి కింద పెట్టి, ఎవరి సంచిలోదో పాత ట్యూబు ఒకటి చీల్చి చుట్టడం మొదలుపెట్టాడు. వంకరపోయినదాన్ని కదలకుండా పట్టి ఉంచడం అతనికి తెలిసిన పనే.

అక్క అయితే ఎముక అతకడానికి నల్లేరు నూరి కట్టేది కదా బావా అని మూలిగాడు బావమరిది.

"అమ్మేది. తన చెయ్యి విరిగినప్పుడు ఆసుపత్రికి వెళ్లింది."

చుట్టడం అయిపోయింది. స్పోకు ముడి వెయ్యకుండా ట్యూబు కొస పట్టుకుని ఉండిపోయాడు.

"బోర్డు," అన్నాడు.

"నాన్నా, ముడి వెయ్యి," అంది కూతురు.

"వేస్తాను. ముందు బోర్డు."

తీయించేస్తానన్నాడు బావమరిది. చాలదన్నాడు స్పోకు. వీళ్లందరికీ చెప్పినవాడివి నువ్వే, వీళ్లందరికీ నువ్వే చెప్పు అన్నాడు. కూతురు తల పక్కకు తిప్పుకుంది. ఆ పని ఆమెకు నచ్చలేదు. స్పోకు అది చూశాడు. కొస వదల్లేదు.

"మా అక్క చెట్లతో మాట్లాడలేదు," అన్నాడు బావమరిది పాతికమందినీ చూసి. "తిట్టేది. చెట్లనీ, నన్నూ. ఆసుపత్రిలో ఉంటే నేను వెళ్లలేదు. భయమేసింది."

ఆ చివరి మాట స్పోకు అడిగింది కాదు. ముడి వేశాడు. గట్టిగానే వేశాడు. లేచి చేతులు గడ్డికి తుడుచుకున్నాడు. భయం అందరికీ వేస్తుంది, అయినా అందరూ వస్తారు అనుకున్నాడు. క్షమించలేదు. ఆ సాయంత్రం బోర్డు కొట్టు ముందుకు చేరింది. బావమరిది మాత్రం ఆ తర్వాత ఆ వీధి తొక్కలేదు, అడవిలో నోరు విప్పలేదు.

నెల తిరక్కుండా ఒకావిడ పంక్చరైన కొండ సైకిలుతో వచ్చింది. వేరే ఊరు. స్పోకు ట్యూబు నీళ్లలో ముంచి బుడగలు వెతుకుతుంటే ఆవిడ కబుర్లలో పడింది. మీ అడవిలో ఒక వాలు ఉందట కదండీ అంది. అక్కడ ఒకామె ఉందట. తన గురించి ఎవరైనా అబద్ధం చెబితే కిందికి తోసేస్తుందట. సొంత తమ్ముణ్ణే వదల్లేదట. ఇప్పుడు ఆ వాలు ఎక్కినవాళ్లందరూ పైన నిలబడి తమ గురించి ఒక నిజం గట్టిగా చెప్పుకుని, చెట్టును ఒక తిట్టు తిట్టి గానీ దిగరట. నేనూ తిట్టే దిగాను, అయినా పడ్డాను, నిజం సరిగ్గా చెప్పలేదేమో అని నవ్వింది.

స్పోకు ట్యూబు నీళ్లలోంచి తీయడం మరిచాడు. బోర్డు పీకించాడు గానీ, ఈ కథ ఎవరు కట్టారో, ఎవరి చెయ్యి మెలిపెడితే ఆగుతుందో అతనికి తెలియదు.

"వనదేవత అంటారా ఆమెని?"

"అమ్మో, దేవత అంటే ఇంకా కోపమట. చేతిలో కొడవలి, నోటినిండా బూతులు."

చిల్లు చిన్నదే. బుడగలు ఒకదాని వెనక ఒకటి తీరిగ్గా పైకొస్తున్నాయి.

"తోస్తుందని ఎవరన్నారు?" అన్నాడు.

"అందరూ అంటున్నారండీ."

"తప్పు. తోసే రకం కాదు ఆమె. కాలెత్తి తన్నేది. చెప్పేదేదో సరిగ్గా చెప్పమనండి."