ఎదురుగా కూర్చుని తినే పని

మా ఆయన పనిచేసే బల్లల దుకాణం యజమానికి ఏం తిన్నా అరగదు. వాము నమిలాడు, శొంఠి కషాయం తాగాడు, కుడివైపు తిరిగి పడుకున్నాడు, ఎడమవైపు తిరిగి పడుకున్నాడు. తేన్పులు తప్ప ఫలితం లేదు. పనివాళ్లు చాటుగా పుల్లతేన్పులాయన అని పేరుపెట్టి నవ్వుకునేవాళ్లు.

ఎదుటివాళ్లు ఇష్టంగా తింటుంటే చూస్తే నోరూరి గంజి అయినా ఇట్టే అరుగుతుందని ఎవడో చెప్పాడట. వాడి నోట్లో మన్నుపడ! బల్లలకు పాలిష్ పడుతున్న మా ఆయన్ను తీసుకెళ్లి, దుకాణం వెనకే ఉన్న ఇంట్లో యజమానికి ఎదురుగా కూర్చోబెట్టారు. యజమాని ముందు గంజి. మా ఆయన ముందు నెయ్యి కారే మాంసం, వేపుళ్లు, మిఠాయిలు.

"అదృష్టమంటే నాదేనే," అని మొదట్లో ఇంటికొచ్చి తెగ మురిసిపోయేవాడు. పచ్చడి మెతుకులు తింటున్న నాకు ఒళ్లు మండిపోయేది.

యజమానికి నిజంగానే అరగడం మొదలైంది. మా ఆయన పొట్ట మాత్రం రాయిలా బిగుసుకుపోయింది. చాలండీ అంటే, "నువ్వు తింటేనే కదయ్యా నాకు దిగేది, కానీ కానీ," అని ఇంకో ముక్క వేయించేవాడు. ఇంటికొచ్చి అంతా కక్కుకునేవాడు మా ఆయన. మానెయ్యండి అని మొత్తుకున్నాను.

"మానేస్తే పనిలోంచే తీసేస్తాడే. ఈ వయసులో నన్నెవరు పెట్టుకుంటారు?"

చివరికి ఒకరోజు యజమాని ముందే ఓకరించాడు.

"ఛీ! నిన్ను చూస్తే నాకే తిప్పుతోంది. రేపు బాగా తినేవాళ్లను తీసుకురా. లేదంటే నువ్వూ రావద్దు."

ఆ సాయంత్రం నేను అన్నం తింటుంటే మా ఆయన నా నోటివంకే చూస్తూ కూర్చున్నాడు.

"నువ్వు భలే తింటావే," అన్నాడు.

చేతిలో ముద్ద కంచంలో పడేశాను. "సిగ్గు లేదూ మీకు?"

"సిగ్గుపడితే పని పోతుంది."

మర్నాడు తిట్టుకుంటూనే వెళ్లి కూర్చున్నాను. పళ్లు కొరుక్కుంటూ ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాను. అబ్బ! నా కోపం ఎటు పోయిందో నాకే తెలియదు. రెండోసారి నేనే అడిగి వేయించుకున్నాను. యజమాని రెప్ప వేయకుండా నన్ను చూస్తూ గంజి జుర్రుకుంటున్నాడు.

బయట పాలిష్ పడుతున్న మా ఆయనకు వాసన తగిలినట్టుంది, భళ్లున వాంతి చేసుకున్నాడు. గోడ పట్టుకుని, తెరిచి ఉన్న తలుపులోంచి నా వంక చూశాడు.

"ఆ తలుపు వేసెయ్యమ్మా, గంజి దిగట్లేదు," అన్నాడు యజమాని.

నాకు జాలి కలగాలి. కలగలేదు. కూర చల్లారిపోతుందన్న ఆదుర్దా ఒక్కటే కలిగింది. గబగబా లేచి, ఎడమచేత్తో తలుపు వేసి వచ్చి కూర్చున్నాను.